అడిగి చేసే కంప్యూటరు

ఆ రోజు పొద్దున వెంకటరామి వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. కాటా ముందు నీళ్ళు చల్లించాలి, కంప్యూటరుకు విభూతి పెట్టాలి, వచ్చిన లారీని వచ్చినట్టు తూచి పంపేయాలి. మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి రవాణా అధికారి వచ్చేసరికి అంతా కడిగిన పళ్ళెంలా ఉండాలి. అంతే.

బళ్ళారి జిల్లాలో కూరెకుప్ప దాటి తోరణగల్లు వెళ్ళే దారిలో, జొన్న చేను అంచున కాంక్రీటు పోసి కట్టిన లారీల కాటా అది. లారీ ఎక్కుతుంది, పక్కనున్న చిన్న గదిలో కంప్యూటరు బరువు పట్టుకుంటుంది, చీటీ బయటికొస్తుంది, లారీ దిగిపోతుంది. గదిలో కంప్యూటరు ముందు కూర్చునేది వెంకటరామి భార్య హనుమక్క. బయట కుర్చీ వేసుకొని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడేది వెంకటరామి. ఇటీవలే రోడ్డుకు అవతల నాగార్జున ఇంకో కాటా కట్టాడు. ఫ్యాక్టరీ సున్నపురాయి లారీలన్నీ ఈ రెండింట్లో ఒకదాని మీదే తూగాలనీ, ఏదన్నది అధికారి వచ్చి చూసి తేలుస్తాడనీ కబురొచ్చింది. ఆయన ఎవరి వైపు తల ఊపితే వాళ్ళ కాటా బతుకుతుంది. రెండోవాళ్ళు ఆ కాంక్రీటు మీద మిరపకాయలు ఎండబోసుకోవచ్చు.

వెంకటరామికి ఒక అలవాటుంది. నలుగురినీ అడగనిదే ఏ పనీ చేయడు. విత్తనాలు కొనాలంటే ఊళ్ళో ఉన్న గట్లన్నీ తిరిగి అడుగుతాడు. ఒకసారి సంతలో ఎద్దును బేరమాడుతూ, అమ్మేవాణ్ణే పట్టుకొని "నా జాగాలో నువ్వుంటే దీన్ని కొంటావా అప్పా?" అని అడిగిన మనిషి. అది పిరికితనం కాదు. ప్రతి మనిషి దగ్గరా తనకు తెలియనిది ఏదో ఒకటి దాగి ఉంటుందని, అది బయటికి లాగాలని అతని కుతూహలం.

కొన్ని నెలలుగా కంప్యూటరు తెర మూలన ఒక నోటీసు వేలాడుతోంది. ఈ విండోసుకు కాలం తీరింది, ఇకమీదట కంపెనీ దీని మంచిచెడ్డలు చూడదు, కొత్తది వేసుకోండి, అయితే మీ మిషనుకు కొత్తదాన్ని మోసే శక్తి లేదు అని దాని సారాంశం. హనుమక్క దాన్ని ఈగను తోలినట్టు పక్కకు తోలి పని చేసుకునేది. వెంకటరామి మాత్రం అడగడం మొదలుపెట్టాడు.

మొదట హరిబాబును అడిగాడు. హరిబాబుది కాలువ కింద వరి పండిస్తూ స్థిరపడ్డ కోస్తావాళ్ళ క్యాంపు. కాటాకు వచ్చే లారీల్లో సగం అతనివే.

"విండోసు మార్చకండి, వెంకటరామిగారూ. నోటీసంటారా, అది భయపెట్టడానికండీ. మా నాన్నగారిని అన్నం మానెయ్యమని డాక్టరు ఎప్పుడో నోటీసిచ్చాడు. ఆయన ఇవాళ్టికీ మూడు పూటలా పప్పూ అన్నమే లాగిస్తన్నారు."

తరవాత బళ్ళారిలో ఇంజనీరింగు చదివే వివేక్ వంతు. హనుమక్క అన్న కొడుకు.

"లినక్స్ ఎయ్యి మామా. దుడ్డు కట్టే పని లేదు. వైరస్ రాదు. నీ ముసలి మిషను కోడెదూడ మాదిరి ఎగురుతాది. దాన్లో నువ్వే రాజువి, ఎవుడి నోటీసూ రాదు."

లారీ డ్రైవరు యోగేశ్ తన సావుకారి కొడుకు ఆపిల్ బొమ్మున్నది వాడతాడని చెప్పాడు. "పనెట్ల చేస్తాదో తెలీదన్నా. కానీ మూత మూసి సంకలో పెట్టుకుంటే మనిషికి ఒక బెరుకుండదు." టీ అంగడి దురుగమ్మ గ్లాసులు కడుగుతూ తలెత్తకుండానే తీర్పు చెప్పింది. "కరెంటు పోతే అన్నీ ఒకటే కదప్పా."

ఇన్ని మాటలు విన్నాక వెంకటరామి రైతు బుద్ధి పని చేసింది. రెండు రకాల వడ్లలో ఏది మంచిదో తెలియనప్పుడు ఏం చేస్తాం? ఒక మడిలో ఇది, ఒక మడిలో అది వేసి చూస్తాం. హరిబాబును కాదంటే సగం లారీలు రోడ్డు దాటి నాగార్జున దగ్గరికి పోతాయి. వివేక్‌ను కాదంటే హనుమక్క పుట్టింటి కాఫీలో చక్కెర తగ్గుతుంది. కాబట్టి సగం అది, సగం ఇది.

"అవుతాది మామా," అన్నాడు వివేక్. "ఒకే మిషన్లో రెండూ పెట్టొచ్చు. ఆన్ చేస్తే, ఏది కావాలని అదే అడుగుతాది."

"అదే అడుగుతాదా?" వెంకటరామి ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళూ అడిగేవాడు తానొక్కడే. ఇప్పుడు తన ఇంట్లో తన గుణమే ఉన్న మిషను పుట్టబోతోంది.

"దొర రేపొస్తాంటే ఈ పొద్దు దున్నకమేంది?" అంది హనుమక్క. ఆ మాట ఎవరి చెవినా పడలేదు. ముందురోజు సాయంత్రమే వివేక్ పని ముగించాడు.

ఇక ఆ రోజు పొద్దున విభూతి పెట్టి మీట నొక్కగానే నల్లటి తెర మీద రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. వాటి కింద గడువు అంకెలు తగ్గుతున్నాయి.

"ఏయ్, అడుగుతాండాది! రాండప్పా రాండి, అడుగుతాండాది!" అని వెంకటరామి వాకిట్లోకి కేకేశాడు. కాటా మీదికి అప్పుడే బండి ఎక్కించిన యోగేశ్ దిగి వచ్చాడు. వాళ్ళు తల దూర్చేలోపే అంకెలు అయిపోయి, లినక్స్ తనంతట తానే తెరుచుకుంది. నీలం తెర, బంగారు గీతలు, చూడ్డానికి కల్యాణ మంటపంలా ఉంది. హనుమక్క చీటీ కోసం నొక్కింది. ప్రింటరు పలకలేదు.

"ప్రింటరుకి ఇంకా పరిచయం చెయ్యలేదత్తా," అన్నాడు వివేక్. "ఒక గంట టైమియ్యి."

అప్పుడే హరిబాబు బండి దిగాడు. తెర చూసి నిలబడిపోయాడు. "అయితే నా మాట గాలికొదిలేశారన్నమాట. సరేనండి. అవతల నాగార్జునగారు కూడా మంచివాళ్ళే."

"అయ్యో, లేదప్పా! మనం మాట్లాడతానే ఉంటిమి, అదే తొందరపడి దూరేసె. ఉండు, మళ్ళీ అడిగిస్తా." వెంకటరామి గోడకున్న స్విచ్చి టప్పున ఆపి మళ్ళీ వేశాడు.

మళ్ళీ రెండు పేర్లు, మళ్ళీ తగ్గే అంకెలు. హరిబాబు చెయ్యి ముందుకు చాచాడు.

"మామా, రెండు మళ్ళూ చూస్తానని మాటిచ్చినావు," అన్నాడు వివేక్.

"చూడమనండి బాబూ, నా లారీలు పోయాక తీరిగ్గా చూడమనండి."

"లారీలు మీవి అయితే కంప్యూటరు మామది కదా?"

"మీ మామగారి కాటా మీద మా లారీలు ఎక్కకపోతే కంప్యూటరుకు పనేంటయ్యా?"

లినక్స్ తెరుచుకుంది. స్విచ్చి టప్పుమంది. ఇట్లా ఎన్నిసార్లు జరిగిందో ఎవరూ లెక్క పెట్టలేదు. పిలిచిన ప్రతిసారీ కొత్తగా ఎవరో ఒకరు గదిలోకి వచ్చారు. వచ్చినవాడికి మొదటినుంచీ వివరించేలోపు అంకెలు అయిపోయేవి. బయట లారీలు ఒకదాని వెనక ఒకటి నిలబడుతున్నాయి. అడిగిన దానికి జవాబు చెప్పేలోగా వెళ్ళిపోయే ఈ మిషను మీద వెంకటరామికి మెల్లగా కోపం వస్తోంది. "అడిగినాక ఆగల్ల కదా. ఇదేం మర్యాద?"

మర్యాద నేర్పింది దురుగమ్మ. జనం చేరారని టీ తెచ్చి, చోటు లేక ఒక గ్లాసును కీబోర్డు మీదే పెట్టింది. గ్లాసు అడుగున ఏదో మీట నొక్కుకుంది. తగ్గుతున్న అంకెలు ఉన్నపళంగా మాయమయ్యాయి. రెండు పేర్లూ అలాగే నిలిచిపోయాయి.

"ఏదైనా కీ నొక్కితే కౌంటింగ్ ఆగిపోతాది మామా," అన్నాడు వివేక్. "ఇంక మనం చెప్పేదాకా ఎంతసేపైనా ఉంటాది."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా."

"ఆ గ్లాసు ఎవురూ ముట్టుకోవద్దండప్పా!" అని వెంకటరామి తృప్తిగా కుర్చీ గదిలోకే లాక్కున్నాడు. తరిమే అంకెలు లేకపోయేసరికి మాట సాగింది. తొందర ఉన్నంతసేపు విండోసా లినక్సా అన్నవాళ్ళు, తొందర పోయాక మూలాల్లోకి దిగారు. ఎవరి ఫోను ఎందుకు వేడెక్కుతుందో, ఎవరి మేనకోడలి లాప్‌టాప్ పెండ్లి రోజునే ఎందుకు చచ్చిందో, అన్నీ వచ్చాయి. వెంకటరామి ఒక్కొక్కరినీ "నువ్వేమంటావప్పా?" అని అడిగి, చెప్పినదానికి తల ఊపి, పక్కవాణ్ణి అడుగుతున్నాడు. చేతులెత్తించి చూస్తే సరిసమానంగా వచ్చాయి. యోగేశ్ ఒక్కడూ ఆపిల్‌కు ఎత్తాడు.

బయట లారీల వరుస రోడ్డెక్కింది. రోడ్డు మీద షిఫ్టువాళ్ళను తీసుకుపోయే కంపెనీ బస్సు ఆగింది. బస్సు వెనక ఇంకేవో ఆగాయి. హారన్ల మోత గదిలోకి వినబడుతోంది గాని, హనుమక్క తప్ప ఎవరూ వినలేదు. "దొర వచ్చే వేళాయె, ఒక్క చీటీ పుట్టలేదు," అని ఆమె గొణిగింది.

ఇంతలో నడివయసు మనిషి ఒకాయన చెమటలు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. మామూలు చొక్కా, దుమ్ముపట్టిన బూట్లు. బస్సులోంచి దిగి వచ్చినవాడనుకున్నారు అందరూ. "ఏమిది? రోడ్డంతా జాం చేసి ఏం సభ నడుపుతాండారు?" అన్నాడు.

"రా అప్పా, కూర్చో. నీళ్ళు తాగు," అని వెంకటరామి లేచి కుర్చీ ఇచ్చాడు. "ఈ కంప్యూటరుకి ఏది పెడితే మంచిదని. నువ్వేమంటావు?"

"నేనా?" ఆ మనిషి చుట్టూ చూశాడు. కోపంగా వచ్చినవాడు ఒక్కసారిగా తడబడ్డాడు. "నన్నడుగుతాండావా?"

"నిన్నే అప్పా. నీకు తెలిసింది నీకు తెలుసు కదా."

ఆయన కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. మొదలుపెట్టాడు. "ఏది పెట్టినా సరే, తాళం నీ చేతిలో ఉండల్ల. మా ఆఫీసులో కంప్యూటరు నా బల్ల మీదే ఉంటాది. కానీ నాది కాదు, యాడో కూర్చున్న ఐటీ వాళ్ళది. అక్షరాలు కొంచెం పెద్దవి చేయాలన్నా అర్జీ పెట్టల్ల. తెర మీద మా పాప ఫోటో పెట్టుకుంటానని అర్జీ పెడితి. పరిశీలనలో ఉండాది అనిరి. ఇప్పుడా పాపకి సంబంధాలు చూస్తాండాము."

గది గొల్లుమంది. "చూడు మామా, తాళం మన చేతిలో ఉండేదంటే లినక్సే!" అని వివేక్ ఎగిరాడు. "తాళం మన దగ్గరుంటే పారేసుకునేదీ మనమే కదండీ," అన్నాడు హరిబాబు. "పారేసుకుంటే పారేసుకుంటాం. మన తాళమే కదా పోయేది!" అని కొత్తాయన బల్ల గుద్దాడు. ఎన్నో ఏళ్ళుగా లోపల మడతపెట్టి పెట్టుకున్న అభిప్రాయాలన్నీ ఆయన ఒక్కొక్కటీ విప్పుతూ ఉంటే, వెంకటరామి నోరు తెరుచుకొని విన్నాడు. ఇంత తెలిసిన మనిషి బస్సులో పోతున్నాడేమిటని కూడా అనుకున్నాడు.

రోడ్డు అవతలినుంచి నాగార్జున ఎళనీరు కొబ్బరిబోండాం పట్టుకొని పరుగున వచ్చాడు.

"నమస్కార, విక్రమ్ సార్! మీ ఫ్యాక్టరీ జీపు బస్సు వెనక నిలిచిపోయిందని ఇప్పుడే తెలిసె. ఈడేం చేస్తాండారు సార్ ఈ ఉక్కలో? మా కాటా పొద్దున్నుంచి సిద్ధంగా ఉండాది."

వెంకటరామికి కళ్ళ ముందు కాంక్రీటు మీద ఎర్రగా పరుచుకున్న మిరపకాయలు కనిపించాయి. ఇంతసేపూ తాను నువ్వు అంటూ, అప్పా అంటూ తీర్పు చెప్పమన్నది రవాణా అధికారినే.

విక్రమ్ ఎళనీరు తాగుతూ నాగార్జునను అడిగాడు. "మీ కాటాలో కంప్యూటరుకి ఏం పెట్టినారు?"

నాగార్జున ఈ ప్రశ్నకే ఎదురుచూస్తున్నట్టు ఛాతీ విరుచుకున్నాడు. "మీ ఐటీ వాళ్ళనే అడిగినా సార్. వాళ్ళు చెప్పింది అక్షరం తప్పకుండా పెట్టించినా. అంతా లాకే. నేనే ముట్టుకోలేను!"

"తెర మీద ఫోటో మార్చగలవా?"

"లేదు సార్! దానికి అర్జీ పెట్టల్ల," అన్నాడు నాగార్జున గర్వంగా.

విక్రమ్ కాయ కింద పెట్టాడు. ముఖం మాడిపోయింది. వెంకటరామి వైపు తిరిగి, "ఆ కాటా మీదున్న లారీని తూచి చూపించు," అన్నాడు.

వెంకటరామి అలవాటు కొద్దీ జనం వైపు తిరిగాడు. "ఏమప్పా, ఇప్పుడు ఏది..."

"సాలు!" అంది హనుమక్క. "ఊర్లో ఉండేవాళ్ళనంతా అడిగితివి, బస్సు దిగినోణ్ణీ అడిగితివి. దినామూ దీని ముందర కూర్చునేది నేను." గ్లాసు తీసి దురుగమ్మ చేతిలో పెట్టి, తెర మీది గుర్తును విండోసు మీదికి దించి నొక్కింది. తెర మూలన కాలం తీరిందన్న నోటీసు లేచింది. ఆమె దాన్ని ఈగలా తోలేసింది. ప్రింటరు కీచుమంది. యోగేశ్ బండి చీటీ బయటికొచ్చింది. విక్రమ్ బయటికెళ్ళి కాటా దగ్గర బరువు చూపే ఎర్ర అంకెలతో దాన్ని సరిచూసుకున్నాడు. తేడా లేదు.

"ఇన్నేండ్ల సర్వీసులో నన్నెవరూ ఇట్ల కూర్చోబెట్టి అడగలేదప్పా," అన్నాడు వెళ్తూ. సున్నపురాయి లారీలన్నీ వెంకటరామి కాటా మీదే తూగాలని ఆ సాయంత్రానికే ఉత్తర్వు వచ్చింది. గెలిచింది తన విండోసేనని హరిబాబు, మిషను అడగడం వల్లే గెలిచామని వివేక్, ఇద్దరూ దురుగమ్మ అంగట్లో మిఠాయి పంచారు.

ఉత్తర్వు వెనకాలే ఫ్యాక్టరీ ఐటీ వాళ్ళు దిగారు. తమ లారీలు తూగే చోట తమ కంప్యూటరే ఉండాలన్నారు. పాతదాన్ని తీసి మూలన పెట్టి, సీలు వేసిన కొత్త మిషను బిగించారు. అది విండోసో, లినక్సో, చూసినవాళ్ళెవరికీ తెలియలేదు. వెంకటరామి ఫోను చేస్తే విక్రమ్ నిట్టూర్చాడు. "ఏం చేస్తామప్పా, ఉత్తర్వు నాది, తాళం వాళ్ళది."

వెళ్తూ వెళ్తూ ఐటీ వాళ్ళు ఒక్కటి మాత్రం వెంకటరామికి వదిలారు. పాస్‌వర్డ్ మీరే పెట్టుకోవాలి, ఎవరికీ చెప్పకూడదు, ఎవరినీ అడగకూడదు అన్నారు.

మధ్యాహ్నానికల్లా మంచి పాస్‌వర్డే కుదిరింది. కాటాకు వచ్చిన ప్రతి డ్రైవరూ దాన్ని మెచ్చుకున్నాడు.