కుర్చీల మేస్త్రి పడవ

ఆ రోజు కుర్చీల మేస్త్రి ఎవరూ లేపకుండానే లేచాడు. ముప్పై ఏళ్ళుగా కుర్చీలు, బల్లలు, బీరువాలు తప్ప మరొకటి చేయని మనిషి రెండు నెలల కిందట ఒక ముసలి జాలరి దగ్గర పాత చేపల పడవ కొన్నాడు. సాయంత్రం నాలుగింటికి రేవు ఆఫీసరు వచ్చి దాన్ని చూసి నెంబరు ఇవ్వాలి. నెంబర్లకు అదే ఆఖరి రోజు. తప్పితే ఏడాది దాకా పడవ ఒడ్డున, మేస్త్రి ఇంట్లో.

"ఏమండీ, దిండ్లు మర్చిపోకండి," అంది భార్య. పడవలో కూర్చునే బల్లలకు ఆమె పూల గుడ్డతో దిండ్లు కుట్టింది. చేపలు పట్టడానికి నడుము కూడా ఉండాలి కదా అని ఆమె వాదన.

మేస్త్రి పడవను తన పద్ధతిలోనే బాగుచేశాడు. కుళ్ళిన పలకలు మార్చాడు, నీళ్ళు కారకుండా సందుల్లో నార దట్టించాడు. చెయ్యి ఊరుకోక మొహం కనిపించేలా పాలిషు పెట్టి, గాలాలు దాచుకోవడానికి ఇత్తడి పిడి ఉన్న సొరుగొకటి అమర్చాడు. నిన్న బావమరిది ట్రాక్టరు మీద దాన్ని రేవుకు చేర్చి, నీటి అంచున దుంగల మీద నిలబెట్టి, "బావా, హాల్లో పెట్టుకోవాల్సిన సామాను నీళ్ళలో పెడుతున్నావు. ఇది మునక్కపోతే నన్నడుగు!" అని నవ్వి వెళ్ళాడు.

ఏడింటికి మొగుడూ పెళ్ళాం రేవుకు వెళ్ళి చూస్తే దుంగలున్నాయి, పడవ లేదు.

"అదిగోనండీ, మన సొరుగు!" అంది భార్య.

నీటి మీద ఇత్తడి పిడి ఒక్కటే తళతళలాడుతోంది. మేస్త్రి నడుంలోతు నీళ్ళలోకి ఉరికి, లోపల చెయ్యి పెట్టి తడిమాడు. ఒకటి కాదు, ఆరు ఇసుక మూటలు. తనంతట తాను మునిగే పడవ ఇసుక మూటలు మోసుకురాదు.

పళ్ళు తోముకుంటూ అప్పుడే వచ్చాడు బావమరిది.

"ఒరేయ్, నిన్న ఏమన్నావురా?"

"బావా! నోరు జారింది గానీ చెయ్యి జారలేదు. అక్కా, నువ్వైనా చెప్పవే!"

"నేనేం చెప్పనురా? చిన్నప్పుడు నా బొమ్మని బావిలో పడేసింది నువ్వే కదా."

"నలభై ఏళ్ళ కిందటి కేసు ఇప్పుడు తిరగదోడతావేంటే!"

తన నిజాయితీ నిరూపించుకోవడానికి బావమరిది నోట్లో నురుగుతోనే ట్రాక్టరు కోసం పరుగెత్తాడు. ఆ పరుగు చూసి వీధి మొత్తం కదిలింది. బకెట్లు, బిందెలు, చివరికి స్నానాల గదుల్లోని మగ్గులు కూడా వచ్చాయి. దర్జీ మంగలిని అనుమానించాడు. "బీరువా తలుపు బిగుసుకుపోయిందని మేస్త్రిని తిట్టింది నువ్వేగా?" అన్నాడు. "తలుపు బిగుసుకుంటే బీరువాని ముంచుతా గానీ పడవనెందుకు ముంచుతా?" అన్నాడు మంగలి. వాదించుకుంటూనే ఇద్దరూ చెరో వైపు నీళ్ళు తోడారు.

మధ్యాహ్నానికి పడవ ఒడ్డెక్కింది. ఇస్త్రీ షాపతను బొగ్గుల పెట్టె తెచ్చి, పాత దుప్పటి పరిచి, పలక పలకకీ ఇస్త్రీ చేశాడు. రెండున్నరకల్లా ఎక్కడా చెమ్మ లేదు. మేస్త్రి ప్రాణం లేచొచ్చింది. వీధంతా ఈల వేసింది.

"ఎవర్రా పడవని బయటికి లాగింది?" అని వెనక నుంచి ఒక కేక వినిపించింది. తిరిగి చూస్తే పడవ అమ్మిన ముసలి జాలరి.

"ఎవడో ముంచేశాడు పెద్దాయనా!" అన్నాడు మేస్త్రి.

"ఎవడో ఏంటి? నేనే ముంచా!"

అందరికంటే ముందు ఊపిరి పీల్చుకున్నది బావమరిది.

"రెండేళ్ళు ఎండలో పడున్న చెక్కయ్యా అది. నువ్వెంత నార దట్టించినా, నీళ్ళు తాగి ఉబ్బితేనే సందులు బిగుస్తాయి. ఒకటి రెండు రోజులు ముంచి ఉంచుతానని మొన్న మీ షెడ్డుకొచ్చి చెప్పానా? నువ్వు తల ఊపావా?"

మేస్త్రికి గుర్తొచ్చింది. రంపం మిషను తిరుగుతుండగా ఎవరేం చెప్పినా తల ఊపడం ఆయనకు అలవాటు. ఎత్తు కుర్చీ అడిగినా, పొట్టి కుర్చీ అడిగినా తల ఊపి తనకు తెలిసిన కుర్చీయే చేసేవాడు. కుర్చీలతో ఇన్నాళ్ళూ గడిచిపోయింది.

"ఇప్పుడిలాగే నీళ్ళలోకి తోసేస్తేనో?" అన్నాడు మేస్త్రి.

"పావుగంటలో ఆఫీసరుకి ఈత వచ్చేస్తుంది."

మేస్త్రి భార్యే తేల్చింది. "ఎలాగూ మునిగేదే అయినప్పుడు, మనమే మర్యాదగా ముంచుదాం. ఆఫీసరు ఏమంటాడో వచ్చాక చూద్దాం."

పడవని మళ్ళీ నీళ్ళలోకి దింపారు. పొద్దున తోడిన బిందెలే మళ్ళీ లేచాయి. పొద్దుటి కంటే ఇప్పుడే ఉత్సాహం ఎక్కువ. దర్జీ, మంగలి పోటీలు పడి పోశారు. ఒక్కో ఇసుక మూటను మేస్త్రి తన గుండెల మీద పెట్టుకున్నట్టే పెట్టాడు. ఆరో మూట పడి, పడవ నీటి కిందికి దిగుతుండగా స్కూటరు ఆగిన చప్పుడైంది.

"ఎవరిదీ పడవ?" అన్నాడు రేవు ఆఫీసరు, అరగంట ముందే వచ్చి.

నడుంలోతు నీళ్ళలోంచి మేస్త్రి చెయ్యెత్తాడు.

"ఎందుకు ముంచుతున్నారు?"

"దాహం వేస్తోందటండీ దానికి," అంది భార్య.

ఆఫీసరు నవ్వలేదు. బూట్లు విప్పాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు, ఆ మడతా తడిసేదాకా నీళ్ళలోకి దిగి పలకల సందులన్నీ వేళ్ళతో తడిమాడు. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

"పొద్దుట్నించీ పదకొండు పడవలు చూశానయ్యా," అన్నాడు ఆఫీసరు. "అన్నీ కొత్త రంగులేసుకుని తేలుతూ వచ్చినవే. నేను కాలు పెట్టగానే ఏడింట్లో నీళ్ళు చిమ్మాయి. ఒక్కడైనా చెక్కని నానబెట్టుంటేనా! నార ఎవరు దట్టించారు?"

"నేనేనండీ."

"మంచి చెయ్యి. కాయితం ఇలా ఇవ్వు."

ఆయన స్కూటరు సీటు మీద కాగితం పెట్టి సంతకం చేస్తుంటే రేవు హోరెత్తిపోయింది. మేస్త్రి తడి బట్టలతోనే బావమరిదిని కౌగిలించుకున్నాడు. భార్య దిండ్లు పైకెగరేసింది. బావమరిది కాగితం లాక్కుని అందరికీ వినిపించేలా చదివాడు.

"పడవ స్థితి: పూర్తిగా మునిగి ఉన్నది. ఆఫీసరు అభిప్రాయం: సంతృప్తికరం."