కుడికి తిరగని బండి

ఆ రోజు పొద్దున కేశవ పెట్టుకున్న పనులు మూడే. డెయిరీకి పాలు పోయాలి, పట్టుపురుగులకు ఆకు వేయాలి, ఒక సర్వో ఎంచుకోవాలి. మొదటి రెండూ ఎనిమిదింటికల్లా అయిపోయాయి. మూడోది ఎనిమిది రోజులుగా అవుతూనే ఉంది.

సర్వో అంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన మోటారు పెట్టె. రిమోటుతో నడిచే చిన్న ట్రక్కు ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పేది అదే. కేశవ ట్రక్కులో ఉన్న సర్వోకు లోపలి ప్లాస్టిక్ పళ్ళు అరిగిపోయి, బండి ఎడమకు తప్ప తిరగడం మానేసింది. కుడికి పోవాలంటే ఎడమకు ఒక పూర్తి చుట్టు చుట్టి రావాలి. నలభై మూడేళ్ళ మనిషి, రెండెకరాల మల్బరీ తోట, నాలుగు పాడి ఆవులు ఉన్న రైతు, ఆటబండి ఒళ్ళో పెట్టుకుని ఇంతగా కుమిలిపోవడం బైరకూరులో ఎవరికీ అర్థం కాలేదు. కేశవకు మాత్రం అది ఆట కాదు. ఏడాదికొకసారి కేజీఎఫ్‌లో, బంగారం తీసేశాక పారబోసిన మట్టితో పేరుకున్న సైనైడ్ దిబ్బల మీద, ఇలాంటి బండ్లకు పోటీ జరుగుతుంది. మూడేళ్ళుగా వెళ్తున్నాడు. మూడేళ్ళూ అతని బండి సగం దిబ్బ మీదే ఆగిపోయింది.

ఈసారి అతని భార్య నేత్రావతి గడువు పెట్టింది. తోటకు కుడి అంచున, మల్బరీ బతకని రాళ్ళ నేల నాలుగు గుంటలు, అంటే పది సెంట్లు, ఉంది. కేశవ అక్కడ బండరాళ్ళు పేర్చి, గుంతలు తవ్వి బండికి దారి చేసుకున్నాడు. నేత్రావతి అక్కడే ఆవులకు కొట్టం వేయాలంటుంది.

"ఈ తూరి ఆ దిబ్బ ఎక్కి దిగినావంటే ఆ నేల జోలికి నేను రాను. మళ్ళీ నడుమ నిలిచిపోయినావా, మర్నాడే కొట్టానికి గుంజలు పాతిస్తాను," అంది.

పోటీకి నెల రోజులుంది. కేశవ ఆవుల పాలు పిండుతూ, పురుగులకు ఆకు పరుస్తూ, అన్నం తింటూ ఫోనులో సర్వోలనే చూశాడు. చవకవన్నీ ప్లాస్టిక్ పళ్ళవి. గట్టివాటి ధరకు ఒక పెయ్యదూడ వస్తుంది. మధ్యరకం వాటి కింద కొన్నవాళ్ళు రాసినవి చదివితే, సగం మంది ఇంత మంచిది లేదన్నారు, తక్కిన సగం మంది రెండో రోజే పొగ వచ్చిందన్నారు. ఒక్కొక్క రాత చదివే కొద్దీ కేశవకు సర్వోల మీదే కాక మనుషుల మీద కూడా నమ్మకం పోయింది.

చివరికి కేజీఎఫ్‌లో మొబైల్ రిపేరు అంగడి నడిపే స్నేహితుడు సునీల్‌కుమార్‌ను అడుగుదామని ఆ రాళ్ళ నేల చివరికి వెళ్ళాడు. ఫోనులో బొమ్మలు ఎక్కడైనా ఎట్లాగో కనపడతాయి గాని, మాట్లాడేంత సిగ్నలు దొరికేది అక్కడి హద్దు రాయి దగ్గర మాత్రమే. దొరికినా గట్టిగా అరిస్తేనే అవతలివాళ్ళకు వినపడుతుంది. ఆ రాయికి అవతల పిల్లప్ప టమాటా తోట. పిల్లప్ప అప్పుడు కర్రల వరస నడుమ గొంతుక్కూర్చుని కలుపు తీస్తున్నాడు. కేశవకు అతను కనపడలేదు. అతనికి కేశవ వినపడ్డాడు.

"సునీలా, తక్కువలో మంచి సర్వో ఒకటి కావల్లప్పా. డిజిటల్దే కావల్ల, పాతకాలంది వద్దు. అవును, అంతా ఎడమ పక్కకే పోతా ఉండాది. రాయి దగ్గరికొస్తే చాలు, పక్కకు జరిగిపోతాది. ఇరవై ఐదు కిలోలు లాగేదైతే చాలు. ఈ నెల లోపల సరి చేసుకోకుంటే నేత్రావతి సుమ్నే ఊరుకోదు."

పిల్లప్ప జన్మలో సర్వో అన్న మాట వినలేదు. సర్వే అన్న మాట విననివాడు మాత్రం ఆ తాలూకాలోనే లేడు. కాబట్టి అతని చెవి తనకు తెలిసిన మాటనే వింది. ఇరవై ఐదు కిలోలు ఏమిటో తెలియలేదు గాని, కొలిచే గొలుసు బరువై ఉంటుందని సర్దుకున్నాడు. రాయి పక్కకు జరగడం గురించి మాత్రం అతనికి సందేహమేమీ లేదు. నిరుడు డ్రిప్పు పైపుకు కాలువ తవ్వుతూ, అడ్డొచ్చిన ఆ హద్దు రాయిని పెకలించింది తనే. తిరిగి పాతేటప్పుడు రెండు మూరలు ఎడమకు, అంటే కేశవ వైపుకు పాతాడు. కావాలని చేశాడా అంటే కాదు. చూసుకోలేదా అంటే, చూసుకున్నాడు.

సాయంత్రం డెయిరీ వరసలో నిలబడి, డిజిటల్ సర్వే అంటే ఎట్లుంటుందప్పా అని ముందున్నవాణ్ణి ఊరికే అడిగాడు. ఆ ప్రశ్న వరస చివరికి చేరేసరికి వార్త అయింది. మర్నాటికి బైరకూరు మొత్తానికీ డిజిటల్ సర్వే వస్తోందని ఖాయమైపోయింది. దారిలోకి వేసుకున్న గడ్డివామిని ఒకరు ఇంటి వెనక్కి మోశారు. ఇంకొకరు ముప్పై ఏళ్ళ కంచెను పీకి రెండడుగులు వెనక్కి నాటారు. డెయిరీవాళ్ళు వీధిలోకి కట్టిన మెట్టును తామే పగలగొట్టుకున్నారు, ఆ తర్వాత జనం లోపలికి ఎక్కలేకపోతే పాలు కిటికీలోంచి అందుకున్నారు.

కేశవకు ఈ వార్త నాలుగో రోజు తెలిసింది. అది తన నోట్లోంచి బయలుదేరిన మాటేనని అతనికి తోచనే లేదు. అందరితో పాటు అతనూ నమ్మాడు. సునీల్‌కుమార్ ఆ మధ్యరకంలోనే ఇనుప పళ్ళది ఒకటి ఎంచి పెట్టాడు, కేశవ దానికి డబ్బు కట్టాడు, అది ఎక్కడినుంచో రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. అంతవరకూ ఎడమకే తిరిగే బండితో ఎడమ మలుపులన్నీ సాధన చేస్తూ గడిపాడు.

ఒక మధ్యాహ్నం కేశవ కోలారులో పట్టుగూళ్ళు అమ్మి తోటకు వచ్చేసరికి, పిల్లప్ప గడ్డపార పక్కన పడేసి, పెకలించిన హద్దు రాయిని రెండు చేతులా కౌగిలించుకుని నిలబడి ఉన్నాడు. సర్వే రాకముందే రాయిని పాత చోటికి చేర్చి పరువు కాపాడుకుందామని అతని ఆత్రం. కేశవకు కనపడింది వేరు.

"ఏం మామా, ఏం చేస్తా ఉండావు?"

"ఏం లేదప్పా. ముందుండిన చోటే పెడతా ఉండాను."

ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు. కాని రాయి గుంతలో కాక చేతుల్లో ఉన్నప్పుడు నిజం కూడా దొంగతనంలాగే ఉంటుంది. సర్వే వస్తోందని తెలిసి, దానికి ముందే తన నేలను కలుపుకుంటున్నాడని కేశవ తేల్చుకున్నాడు. పోయేది నాలుగు గుంటల రాళ్ళ నేల కాదు, తన బండి దారి. ఆ కోపంలో, ఊరి సర్వే వచ్చేదాకా ఆగలేక, మర్నాడే ముళబాగిలు తాలూకాఫీసుకు వెళ్ళి, జన్మలో ఎప్పుడూ కోరని సర్వేకు అర్జీ పెట్టి వచ్చాడు. పిల్లప్ప బెదిరి, రాయిని పెకలించిన గుంతలోనే మళ్ళీ దించాడు. అతని భార్య దొడ్డమ్మ నేత్రావతితో మాట మానేసింది. నేత్రావతి దొడ్డమ్మ ఇంటి ముందు నుంచి పోవడం మానేసింది.

పోటీకి మూడు రోజుల ముందు సర్వేయరు వచ్చాడు. మూడు కాళ్ళ యంత్రాన్ని బండి దారి నడుమ నిలబెట్టి, పాత పటాన్ని పరిచాడు. ఊరు సగం అక్కడే ఉంది. యంత్రాన్ని చూడగానే పిల్లప్ప ధైర్యం ఆవిరైపోయింది.

"రెండు మూరలు సార్. నిరుడు పైపు వేసేటప్పుడు నేనే జరిపినాను. దీనికి సర్వే యాల కేశవా, నోరు తెరిచి అడిగింటే ఇచ్చేసుందును కదా," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కేశవ మనసు కరిగింది. అర్జీ అక్కడే వెనక్కి తీసుకుని ఉంటే ఈ కథ సుఖంగా ముగిసేది. కాని ఊరు సగం చూస్తోంది, న్యాయం తన పక్కన ఉంది, అటువంటి పొద్దు మనిషికి మళ్ళీ మళ్ళీ రాదు.

"మామా, నువ్వు ఒప్పుకున్నావు, నాకంతే చాలు. అయినా కొలిచెయ్యనీ. రేపు మన పిల్లోళ్ళు కొట్లాడుకోకూడదు," అన్నాడు పెద్ద మనసుతో.

సర్వేయరు కొలిచాడు. పటం చూశాడు, మళ్ళీ కొలిచాడు. తర్వాత నడుచుకుంటూ హద్దు రాయిని దాటి, కేశవ పేర్చిన బండరాళ్ళను దాటి, గుంతలను దాటి, మల్బరీ మొదటి వరస దగ్గర ఆగి, రాయి ఇక్కడుండాలి అన్నాడు. ముప్పై ఆరు అడుగులు. కేశవ తాత కాలంలో ఎవరు పాతారో, ఏ పైపు వేస్తూ పాతారో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. రాళ్ళ నేల నాలుగు గుంటలూ మొదటినుంచీ పిల్లప్పదే. రెండు మూరల దొంగ తలెత్తి చుట్టూ చూశాడు. కేశవ కూర్చోవడానికి ఒక బండరాయి వెతుక్కున్నాడు, అది కూడా పిల్లప్ప నేలలోదే.

సరిగ్గా అప్పుడు కొరియరు మనిషి మోటారుబైకు మీద వచ్చి, కేశవ ఎవరని అడిగి, చేతిలో పిడికెడంత డబ్బా పెట్టి పోయాడు. పిల్లప్ప అదేమిటన్నాడు. కేశవ నిర్జీవంగా, సర్వో అన్నాడు.

పిల్లప్ప ఆ మాటను ఒకసారి లోపలే తిప్పి చూసుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు ఫోన్లో అడిగింది దీన్నా?"

"దీన్నే మామా."

"డిజిటల్దని అంటివే?"

"ఇది డిజిటల్దే."

పిల్లప్ప మూడు కాళ్ళ యంత్రాన్ని చూశాడు, డబ్బాను చూశాడు, మల్బరీ వరస దగ్గర సర్వేయరు పాతిస్తున్న కొత్త రాయిని చూశాడు. ఏదో అనబోయి, లాభం తనదే కాబట్టి మర్యాదగా ఊరుకున్నాడు.

నేత్రావతి మాత్రం ఊరుకోలేదు. "ఇంగ పోటీకి పొయ్యేదైతే పో. దిబ్బ ఎక్కినా ఒకటే, నిలిచినా ఒకటే. నీకు దారీ లేదు, నా ఆవులకు కొట్టమూ లేదు," అని, ఏడుపు ఆపుకుంటూ ఇంటికి నడిచింది. కేశవకు ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక, ఇంకేం చేయాలో తోచక, కొత్త రాయి పక్కన కూర్చుని సర్వో బిగించాడు. రిమోటు నొక్కాడు. ఇనుప పళ్ళు చిన్నగా గుర్రుమన్నాయి, చక్రాలు తిరిగాయి. ఎంత చక్కటి సర్వో అంటే, తక్కువలో అంత మంచిది మళ్ళీ దొరకదు. ఎన్నాళ్ళకో బండి కుడికి తిరిగింది.

కుడి పక్కంతా ఇప్పుడు పిల్లప్పది.