పదహారో లెక్క

డిగ్రీ విద్యార్థులకు గణితంలో పరిశోధన చేసే సదవకాశం కల్పిస్తున్నామని తెలియజేయుటకు మా కళాశాల యాజమాన్యం మిక్కిలి సంతోషించుచున్నది. ఈ ముక్క ఏటా నోటీసు బోర్డు మీద కనబడుతుంది. సంతోషం కూడా ఏటా అంతే ఉంటుంది.

విషయం వెతుక్కునే శ్రమ విద్యార్థికి లేదు. శాఖాధిపతిగారు యౌవనంలో కనిపెట్టిన సిద్ధాంతం సిద్ధంగా ఉంది. ఏ సంఖ్యనైనా తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ ఆ సంఖ్యనే కలిపి, పైన పదిహేడు వేస్తే వచ్చేది ప్రధాన సంఖ్యే. అంటే ఒకటీ, తానూ తప్ప దాన్ని ఇంకేదీ శేషం లేకుండా భాగించలేదు. ఒకటికి పందొమ్మిది, రెండుకి ఇరవై మూడు, మూడుకి ఇరవై తొమ్మిది. ఆయన ఇలా పదిహేను దాకా వేసేసరికి నల్లబల్ల నిండిపోయింది. ఇక అనంతం దాకా ఇంతేనని ప్రకటించి చేతులు దులుపుకున్నారు. ఇప్పుడా సిద్ధాంతం కళాశాల ముఖద్వారం మీద బంగారు రంగు అక్షరాల్లో మెరుస్తోంది.

ఆనాటి నుంచి ఎందరో విద్యార్థులు దాన్ని పరిశోధించారు. అందరూ ఒకటితో మొదలుపెట్టి, పదిహేను దగ్గర ఆగి, ధ్రువపత్రం పుచ్చుకుని వెళ్ళారు. గురువుగారు ఆగినచోటు దాటి పోకూడదని ఎవరూ చెప్పకుండానే తెలిసిన పిల్లలు. మర్యాద విషయంలో మా కళాశాలకు వంక పెట్టడానికి లేదు.

ఈ ఏడు అవకాశం దక్కిన అమ్మాయిని తరగతిలో ‘ఇంకొకటి’ అని పిలుస్తారు. ఏ లెక్క అయిపోయినా ఇంకొకటి చేసి చూద్దామంటుంది. అలవాటు కొద్దీ పదహారు కూడా వేసింది. రెండువందల ఎనభై తొమ్మిది వచ్చింది. పదిహేడును పదిహేడుతో గుణించినా అదే. కాబట్టి సిద్ధాంతం తప్పని రాసిచ్చింది.

పరిశోధనా సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పదహారుకు మినహాయింపు ఇద్దామని ఒక సభ్యుడు ఉదారంగా ప్రతిపాదించాడు. ఆ సంఖ్య పూర్వచరిత్ర విచారించాలని మరొకరన్నారు. శాఖాధిపతిగారు లేచి గొంతు సవరించుకున్నారు.

“పదిహేను సంఖ్యలు మన పక్షాన ఉన్నాయి. ఒక్కటి అటుంది. పదిహేనుసార్లు నిజం చెప్పినవాణ్ణి పదహారోసారి అనుమానించడం న్యాయమేనా? పైగా ద్వారానికి రంగు మొన్ననే వేయించాం.”

సిద్ధాంతం నిజమేనని చేతులెత్తి ఏకగ్రీవంగా తీర్మానించారు. తన పరిశోధన పదిహేనుతో ముగిసిందని సంతకం పెడితేనే అమ్మాయికి ధ్రువపత్రం ఇస్తామన్నారు. అది లేకపోతే పైచదువుకు సీటు లేదు. సీటు కోసం ఆ పిల్ల ఎంత చదివిందో ఆ ఇంటి దీపానికే తెలుసు.

టైర్ల దుకాణంలో పనిచేసే వాళ్ళ నాన్న సంగతంతా విని, “సంతకం పెట్టెయ్యమ్మా, పదహారు ఎక్కడికీ పోదులే” అన్నాడు.

“పోదు నాన్నా. రేపు నేను ఎక్కడికెళ్ళినా అక్కడే ఉంటుంది, అదే బాధ” అంది కూతురు.

మర్నాడు అమ్మాయి సంఘం ముందు సుద్దముక్క పెట్టింది. ఎవరైనా ఒక్కరు పదిహేడును పదిహేడుతో గుణించి చూడండి, రెండువందల ఎనభై తొమ్మిది కాక ఇంకేదైనా వస్తే సంతకం పెడతానంది. సభ్యులు ‘మీరు పెద్దవారు’, ‘మీరే కానివ్వండి’ అనుకుంటూ సుద్దముక్కను చేతులు మార్చారు. చివరికది శాఖాధిపతిగారిని చేరింది. ఆయనకంటే పెద్దవారు లేనందున ఆయనకు తప్పలేదు. వెళ్ళి గుణించారు. వచ్చిన సంఖ్యను చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.

“ఆ రోజు ఇంకొక్కటి వేసుంటే ఇది నాకే దొరికేదమ్మా” అన్నారు. అంత సంతోషంగా ఆయన్ని మేమెన్నడూ చూడలేదు. ధ్రువపత్రం మీద అక్కడికక్కడే సంతకం పెట్టారు.

సంఘం వెంటనే, బల్ల వైపైనా చూడకుండా, సిద్ధాంతం తప్పని చేతులెత్తి ఏకగ్రీవంగా తీర్మానించింది. నిన్నటి చేతులే.

ఈ సంఘాన్ని చూసి పాఠకులు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వవలసిందే. అయితే, పదిహేడును పదిహేడుతో తామే గుణించి చూసుకున్నవారు మాత్రమే నవ్వవలసిందిగా మనవి. తక్కినవారు ఇక చేతులు దించవచ్చు.