ధర్మవరంలో తివాచీకి అగ్నిపరీక్ష

ఒక్క చినుకు కొరకు మెడలెత్తి యెత్తి మేఘములకే మొహమాటము పుట్టించిన అనంతపుర మండలమున, సూర్యభగవానుడు సెలవన్నమాట ఎరుగని చైత్రమాసమున, మగ్గముల టకటకారావముతో మేల్కాంచు ధర్మవరపురమున, కరెంటు పోయిన మిట్టమధ్యాహ్నవేళ, లోకములు చూచిన యుద్ధములలోకెల్ల మిక్కిలి మెత్తనిది సంభవించెను. చెప్పెదను, కదలక వినుడు!

ఆ యుద్ధమునకు నాయకుడు పట్టునేతగాడు, పోగుపరీక్షాప్రవీణుడు, నకిలీదారనిర్దాక్షిణ్యుడు అగు పుల్లన్న. పోగును నిప్పులో పెట్టగా వెంట్రుక కాలిన కంపుతో బూడిదైనచో పట్టు, ముద్దగా కరిగినచో మోసము. ఇదే ఆయన ధర్మశాస్త్రము. నకిలీ దారము తన గడప తొక్కరాదని ప్రతిజ్ఞ కూడ కలదు. ఆయన భార్య తిప్పమ్మయో, బండనేలపై కూర్చుండి రాట్నముపై కండెలు చుట్టి చుట్టి మోకాళ్ళు అరగదీసుకొన్నది. లేవవలెనన్న గోడ కావలెను, కూర్చుండవలెనన్న మూలుగు రావలెను. పాపము, చూచుటకు నాకే మనసొప్పదు. అది చూడజాలక కోడలు హేమావతి అనంతపురమునుండి కుంకుమవర్ణపు తివాచీ నొకదానిని చంకనిడుకొని బస్సు దిగెను.

"ఏమ్మా, ప్లాస్టిక్ దారం నా ఇంట్లేకి తెచ్చినావా?" అని పుల్లన్న తివాచీని వ్రేళ్ళతో తడిమి అడిగెను.

"అంతా ప్లాస్టిక్ కాదు మామా. కొంత మొక్కజొన్న నుంచి తీసినారంట. చీటీ మీదనే రాసుండాది."

"మొక్కజొన్నా!" అని ఆ పురుషసింహుడు గర్జించెను. "మొక్కజొన్నను మనం తింటాం, లేదంటే కోళ్ళకేస్తాం. దాంతో దారమేందమ్మా? అగ్గిపెట్టె తే! ఏ పోగైనా సరే, నా అగ్గిపుల్ల ముందర నిజం కక్కాల్సిందే! కాల్చిన కంకి వాసనొస్తే ఈడ ఉంటాది, ముద్దగా కరిగితే వీధిలేకి పోతాది!"

ఇట్లు పలికి, నేతన్నల సన్మానసభలో తనకు కప్పిన కుంకుమరంగు పట్టుశాలువాను, ఎండ మండుచున్నను విడువని ఆ కీర్తికవచమును, భుజమున సర్దుకొని వంగెను. వంగుటయే తడవు, శాలువా కుచ్చు జారి తివాచీపై పడెను. కళ్ళజోడు వీరలక్షణము కాదని తలచు పుల్లన్న చేతికందిన పోగును సర్రున లాగి మంటకు చూపెను. అది ముడుచుకొని, కరిగి, నల్లని గుండై వ్రేలికంటుకొనెను. ప్లాస్టిక్ బిందె కాలిన కంపు ఇల్లెల్ల నిండెను.

"అబ్బా! సూసినారా! అంతా మోసం! ఎత్తండి దీన్ని!"

తివాచీ అంచున అప్పుడే కూర్చుండిన తిప్పమ్మ గోడ పట్టుకొని మరల బండపైకి జరిగెను. హేమావతి ముందుకు వచ్చెను. కాలగా మిగిలిన పోగును వంగి తీసినది.

"మామా, తివాచీ పోగు వేలెడు గూడా ఉండదు. ఇది జానెడుండాది. నీ శాలువా కుచ్చు సూడు."

చూచెను. కుచ్చున ఒక పోగు లేదు.

దాచనేల, శాలువా కప్పిన నాడే ఆయన వ్రేళ్ళకు అనుమానము వచ్చినది. కాని సభలో పేరు పెట్టి పిలిచిరి, చప్పట్లు కొట్టిరి. వ్రేళ్ళ మాట మనసు వినలేదు.

"తివాచీ గూడా కరుగుతాది మామా," అని కోడలు మెల్లగా పలికెను. "సగం పైన పెట్రోలు సరుకే. కానీ ఇది ఆ మాట చీటీ మీద సెప్పే వచ్చింది."

"ఏమయ్యా," అని తిప్పమ్మ అందుకొనెను, "ఇప్పుడు వీధిలేకి ఏది పోవల్ల? అదా, ఇదా, రెండూనా?"

ముల్లోకములు ఊపిరి బిగబట్టెను. బయట ఆటో ఒకటి హారను కొట్టి పోయెను. పుల్లన్న శాలువాను తీసెను, మడత మీద మడత పెట్టెను, భార్య చేయి పట్టి తివాచీపై కూర్చుండబెట్టి ఆ మడతను ఆమె మోకాలి క్రింద దోపెను.

"నకిలీదే గానీ, మెత్తగుండాదిలే. పెట్టుకో."

రాట్నము మరల తిరిగెను. మూలుగు వినరాలేదు. శాలువా ఒక్క మోకాలికే చాలినది గనుక, లోకులారా, చాటుచున్నాను: ధర్మవర మహాసంగ్రామమున విజయము తిప్పమ్మ కుడిమోకాలిది!