కవరు తీయని కారు

ఒక విదేశీ కంపెనీ తనకు తీరని ద్రోహం తలపెట్టిందన్న వార్త మదనపల్లె టమోటా మండీ యజమాని లక్ష్మీపతికి శుక్రవారం పూజ ముగిసిన కాసేపటికి అందింది. కంపెనీ తన పెద్ద కారు రూపు మార్చేసిందట. కొత్త షేపు బెంగళూరు షోరూముకు వచ్చేసిందట. లక్ష్మీపతి హారతి పళ్లెం పక్కన పెట్టి సోఫాలో కూలబడ్డాడు. "వాళ్లకేం పోయేకాలం వచ్చింది?" అన్నాడు. ఆ రోజు మండీలో టమోటాలు అడిగే నాథుడు లేక రైతులు రోడ్డు మీద పారబోసి పోతున్నారని కూడా ఫోను వచ్చింది గానీ, అంత దుఃఖంలో ఉన్న మనిషికి చిన్న విషయాలు చెవికెక్కవు.

ఆ కంపెనీ పేరు పలకడానికి మన వైపు ఎవరికీ నోరు తిరగదు. కారు ముందువైపు వీధి తలుపంత గ్రిల్లు ఉంటుంది కాబట్టి జనం దాన్ని పెద్దమూతి బండి అంటారు. చాలా ఏళ్లుగా కంపెనీ ఆ మూతి మార్చలేదు. కార్ల గురించి రాసేవాళ్లు, మాట్లాడేవాళ్లు అందరూ దాన్ని తిట్టిపోశారు. పోటీ కంపెనీలు ఏడాదికొక ముఖం తొడుగుతుంటే ఇది గుర్రుపెట్టి నిద్రపోతోందన్నారు. లక్ష్మీపతి మాత్రం కలియుగంలో కూడా ధర్మం నాలుగు చక్రాల మీద నడుస్తోందనడానికి ఆ కంపెనీయే సాక్ష్యమని నమ్మాడు. ఆయన కారు కొని కొన్నేళ్లయింది. షోరూములో ఉన్నదీ తన వాకిట్లో ఉన్నదీ ఒకే మూతితో ఉన్నంతకాలం, తనది పాతదని అనగలిగే మొనగాడు ఈ సీమలో లేడని ఆయన ధైర్యం.

ఆ ధైర్యానికి ఇంకో ఆధారం కూడా ఉంది. కంపెనీ సీట్లకు తొడిగి పంపిన ప్లాస్టిక్ కవర్లు ఆయన ఇంతవరకు తీయలేదు. మన దేశంలో వస్తువు వయసును కొన్న తేదీ నుంచి లెక్కపెట్టరన్నది విజ్ఞులైన పాఠకులకు తెలియనిది కాదు. కవరు తీసిన రోజే దాని పుట్టినరోజు. ఆ ప్రకారం లక్ష్మీపతి కారు ఇంకా పుట్టనే లేదు. ఆయన భార్య సిద్ధమ్మ ఆ పుట్టని కారులోనే బంధువుల పెళ్లిళ్లకూ చావులకూ తిరిగింది. ఎండాకాలం కవరు మీద కూర్చుంటే ఒళ్లంతా చెమటకాయలు. పట్టుచీర కట్టుకున్న రోజు మలుపు మలుపుకూ ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా జారుడు. చివరకు ఆమె ముందు సీటు వెనక ఒక తాడు కట్టించుకుని దాన్ని పట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది.

"ఇంత పెద్ద కార్లో నేను తాడు పట్టుకోని కూర్చోవాల్నా? ఆ కవరు తీసేస్తే ఏం పోతాదయ్యా?" అని అడిగేది.

"తీసేస్తే పాతదయిపోతాది మే. ఇన్నేళ్లు కొత్త బండిలోనే తిరిగే యోగం ఎంతమందికి ఉండాది?" అని ఆయన ఓపికగా బోధించేవాడు.

ఇంతకూ కొత్త మూతి వస్తే ఈయనకు వచ్చిన నష్టమేమిటంటారా? నష్టం మార్కెట్ యార్డు చైర్మన్ పదవి. ఆ పదవికి కావలసిన అర్హతల గురించి నిబంధనల్లో చాలా రాసి ఉందంటారు గానీ, చదివినవారు దొరకలేదు. అందరికీ తెలిసిన నిబంధన ఒకటే. పార్టీ పెద్దాయన పర్యటనకు వచ్చినప్పుడు ఎవరి బండిలో సభకు చేరుకుంటాడో, పదవి వాళ్లది. పెద్దాయన కొత్త బండి తప్ప ఎక్కడు. పాత బండి ఎక్కినవాడికి పాత పదవే మిగులుతుందని ఆయనకు ఎవరో జ్యోతిష్కుడు చెప్పాడు. వచ్చే నెలలో ఆయన కుప్పంలో రైలు దిగి, పుంగనూరు మీదుగా మదనపల్లె వస్తున్నాడు.

లక్ష్మీపతి ఆ పదవి కోసం కండువాలు మార్చాడు, గుండు కొట్టించుకున్నాడు, పెద్దాయన మనవడి పుట్టినరోజుకు ఊరంతా ఫ్లెక్సీలు కట్టించాడు. ఒక్కొక్క ఫ్లెక్సీలోనూ అందరి పేర్ల కింద ఏదో ఒక హోదా ఉండేది. తన పేరు కింద ఖాళీ. రేపు తాను పోయాక కట్టే ఫ్లెక్సీలో కూడా పేరు కింద ఆ ఖాళీయే ఉండిపోతుందేమోనన్న బెంగ ఆయనను లోపల్లోపల తినేస్తోంది. నిజం చెప్పాలంటే జాలిపడాల్సిన బెంగే.

ఇప్పుడు పుంగనూరు పాల డెయిరీ మురళీధర్ కొత్త మూతి బండి తెచ్చుకున్నాడు. ఆయనకూ పేరు కింద ఖాళీ ఉంది. తానూ ఒకటి కొనేద్దామని లక్ష్మీపతి షోరూముకు ఫోను చేస్తే, ఏడాది ఆగమన్నారు. తమ కారు మార్చడానికి మాత్రం ఆగలేనివాళ్లు ఆయనను ఆగమనడం ఆయనకు మరీ మండించింది.

దాంతో మదనపల్లెలో ఒక చరిత్రాత్మక సదస్సు జరిగింది. "విలాస వాహనాల రూపు మార్పునకు కంపెనీలు ఎన్నేళ్లు ఆగాలి?" అన్నది అంశం. విశ్రాంత అధ్యాపకులు భీమరావు గారు అధ్యక్షత వహించారు. ఆయనకు సొంత వాహనం లేకపోవడం వల్ల నిష్పక్షపాతంగా మాట్లాడగలరని ఎంపిక చేశారు. రానుపోను లక్ష్మీపతి కారే పంపించారు.

"సభాసదులారా!" అన్నారు భీమరావు గారు. "గంగానది ఎంతటిది? ఆమెకే పుష్కరం పన్నెండేళ్లకొకసారి. నదికి లేని తొందర కారుకెందుకు? కారు మూతి మారిస్తే దాన్ని నమ్ముకున్న యజమాని మొహం ఎక్కడ పెట్టుకోవాలి? మార్పు కావాలనేవారికి మన నాయకులే ఆదర్శం. ఎన్నికలకొకసారి రంగు మారుస్తారు, కండువా మారుస్తారు, ఇంజను మాత్రం ముట్టుకోరు. అదీ నిలకడంటే!" చప్పట్లు ఆగకుండా మోగాయి. ఆయన నిందించారో పొగిడారో ఆయనతో సహా ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పుడు తంబళ్లపల్లె వైపు నుంచి టమోటాలు తెచ్చి, అమ్ముడుపోక, నీడ కోసం సభలో కూర్చున్న నాగరాజు అనే రైతు లేచాడు.

"అప్పా, మా ఊరి బస్సు షేపు నాకు మీసాలు రాకముందు నుంచి మారలా. వానొస్తే లోపలే గొడుగు పట్టుకుంటాండాము. దాన్ని ఎన్నేళ్లకు మారస్తారో అది కూడా రాయండప్పా."

సభలో నవ్వులు వినిపించాయి. అది విలాస వాహనం కాదు కాబట్టి అంశం పరిధిలోకి రాదని అధ్యక్షులు తీర్పునిచ్చారు. నాగరాజు కూడా అది న్యాయమేనని ఒప్పుకుని కూర్చున్నాడు. పుష్కరానికొకసారి తప్ప ఏ కంపెనీ మూతి మార్చరాదని ఏకగ్రీవంగా తీర్మానించి కంపెనీకి పంపించారు. "మా వాహనంపై మీ ఆసక్తికి ధన్యవాదాలు. కొత్త రూపును మీ సమీప షోరూములో చూడండి" అని క్షణంలో జవాబొచ్చింది. లక్ష్మీపతి దాన్ని ఫ్రేము కట్టించాడు. ఎంతైనా విదేశం నుంచి వచ్చింది కదా!

పర్యటన రోజు రానే వచ్చింది. కుప్పం స్టేషను బయట రెండు బండ్లు పక్కపక్కన నిలబడ్డాయి. లక్ష్మీపతిది పెద్దమూతి. మురళీధర్ దానికి మూతే లేదు. గ్రిల్లు తీసేసి నున్నగా గీకిన గుండులా చేశారు. దీపాలు చూస్తే కునికిపాట్లు పడుతున్నవాడి కళ్లలా సన్నగా ఉన్నాయి. అది చాలా గొప్ప డిజైనని మురళీధర్‌కు కంపెనీవాళ్లు చెప్పారు కాబట్టి ఆయన అందరికీ చెబుతున్నాడు. పెద్దాయన రెండింటినీ చూసి, "ఏది కొత్తదయ్యా?" అని అడిగి, నున్నటిది ఎక్కేశాడు. లక్ష్మీపతి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హారతి ఇవ్వడానికి వచ్చిన సిద్ధమ్మను వెనక కూర్చోబెట్టుకుని, ఖాళీ బండితో వెంబడించాడు.

అయితే కంపెనీ ఒక విషయం లెక్కలోకి తీసుకోలేదు. మన జనం పెద్దమనుషుల మొహాలు ఎప్పుడూ సరిగ్గా చూసి ఉండరు. అద్దాలు నల్లగా ఉంటాయి, బండి ఆగదు. వాళ్లు ఇన్నేళ్లుగా దండం పెట్టింది ఆ మూతికి. దారిలో పెద్దపంజాణి దగ్గర నున్నటి బండి వెళుతుంటే మనుషులు బీడీలు కాలుస్తూ నిలబడ్డారు. వెనక పెద్దమూతి కనపడగానే బీడీలు పారేసి చేతులు జోడించారు.

పుంగనూరులో తప్పెట్లు మోగుతున్నాయి. జనం రోడ్డు నిండా ఉన్నారు. ముందొచ్చిన నున్నటి బండికి ఒక కార్యకర్త అడ్డంపడ్డాడు.

"ఓ సామీ, యాడికి దూరతాండావు? బండి పక్కకు తియ్యప్పా. పెద్దాయన వస్తాండాడు, కనపడల్యా?"

"లోపలుండేది పెద్దాయనే రా!" అని మురళీధర్ తల బయటపెట్టి సొంత ఊళ్లో మొత్తుకున్నాడు.

"అందురూ అదే చెప్తాండారు. పక్కకు తియ్యి!"

బండిని తోసి డ్రైనేజీ పక్కకు చేర్చారు. వెనకొచ్చిన పెద్దమూతి మీద పూలవాన కురిసింది. ఆడవాళ్లు బానెట్టుకు కుంకుమ పెట్టారు. గ్రిల్లుకు మోయలేనంత దండ వేశారు. "పెద్దాయన నాయకత్వం వర్ధిల్లాలి!" అని లక్ష్మీపతి డ్రైవరును భుజాలకెత్తుకున్నారు. పెద్దాయన డ్రైనేజీ పక్క నుంచి ఇదంతా తిలకించాడు. తరువాత ఎవరూ పిలవకుండానే దిగివచ్చి పెద్దమూతి బండి తలుపు తీసుకుని కూర్చున్నాడు. లక్ష్మీపతికి ఆ క్షణంలో తన పేరు కింద ఖాళీ నిండిపోతున్నట్టు కనిపించింది. 'మార్కెట్ యార్డు చైర్మన్' అని, అదీ బంగారు రంగులో.

పుంగనూరు దాటగానే బండి వేగం అందుకుంది. పెద్దాయన పంచె తెల్లనిది, పలచనిది, గంజి పెట్టి ఇస్త్రీ చేసినది. మొదటి మలుపులో ఆయన ఎడమవైపు తలుపు దగ్గరికి వెళ్లాడు. రెండో మలుపులో తిరిగొచ్చాడు.

ఆయనకు చోటిచ్చి చివరి వరుసలోకి జరిగిన సిద్ధమ్మ ముందుకు వంగి, "ఇదో, ఈ తాడు పట్టుకోండయ్యా. నేను అట్లే కూర్చుంటా" అంది.

పెద్దాయన తాడును, ఆమెను, సీటును చూసి, "ఈ కవరేమిటయ్యా? తీసి పారేయ్" అన్నాడు.

లక్ష్మీపతి ఇరుకున పడ్డాడు. తీయకపోతే పెద్దాయనకు కోపం. తీస్తే ఈ క్షణం నుంచి బండి పాతది, పాత బండి ఎక్కినవాడికి జ్యోతిష్కుడు చెప్పిన గతి. ఇన్నేళ్ల తపస్సు, భార్య చెమటకాయలు, కండువాలు, గుండు అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"అయ్యా, మదనపల్లె వచ్చేసింది. ఇంకొంచేపు ఓర్చుకోండి. మంచి రోజు సూసి తీస్తాను" అని చేతులు జోడించాడు.

ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకరు ఉంది. డ్రైవరు జనాన్ని చూస్తూ దాన్ని చూడలేదు. పెద్దాయన సీటు మీద నుంచి జారి, ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య మోకాళ్ల మీద పడ్డాడు. పట్టు దొరక్క రెండు చేతులూ, మొహమూ కిటికీ నల్లద్దానికి ఆనించాడు. బయటివాళ్లకు అద్దం వెనక మోకరిల్లి చేతులెత్తిన నాయకుడు కనిపించాడు. ఇంతటి వినయం ఎన్నడూ చూడని జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ ఫోటో ఇప్పటికీ పార్టీ ఆఫీసులో ఉంది.

పెద్దాయన లేచి, కవరును రెండు చేతులా పట్టుకుని సర్రున చించేశాడు. లోపల, ఎవరి ఒళ్లూ తగలకుండా, గాలి వెలుతురు చొరబడకుండా ఇన్నేళ్లు భద్రంగా దాచిన ఆ కొత్త సీటు నల్లగా బూజుపట్టి మాగిన వాసన కొట్టింది. కానీ అప్పటికే ఆయన దాని మీద కూలబడ్డాడు.

బండి ఆపించి దిగినప్పుడు తెల్ల పంచె వెనక నల్లటి వలయాలు. నడిచివెళ్తే జనం చూస్తారు. పూలు చల్లడానికి మునిరత్నం అనే కాంట్రాక్టరు తెచ్చిన జేసీబీ పక్కనే ఉంది. పెద్దాయన దాని తొట్టిలోకెక్కి, నడుం దాకా బంతిపూలలో మునిగి, సభాస్థలికి చేరుకున్నాడు. నిబంధన నిబంధనే. మార్కెట్ యార్డు చైర్మన్ పదవి బావులు తవ్వే మునిరత్నానికి దక్కింది. ఆయనకు టమోటా రసం తప్ప టమోటా గురించి ఏమీ తెలియదు గానీ, ఆ బండి షేపు అందరికీ గుర్తున్నంతవరకూ మారనే లేదు. భీమరావు గారు తమ సదస్సు తీర్మానమే గెలిచిందని పత్రికలవారికి చెప్పారు.

ఇంట్లో లక్ష్మీపతి తలపట్టుకుని కూర్చుంటే సిద్ధమ్మ కాఫీ తెచ్చిచ్చింది. "నేను ఇన్నేళ్లు కూర్చునింది ఆ బూజు మీదా?" అని మాత్రం అడిగింది.

ఏడాది తిరిగాక ఆయన కొత్త మూతి బండి కూడా వచ్చింది. వాకిట్లో గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. సిద్ధమ్మ తలుపు తీసి, నేరుగా సీటు కవరు అంచు పట్టుకుంది. లక్ష్మీపతి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"అంత తొందర యాల మే? ఇంకా నాలుగు రోజులు కొత్తగా ఉండనీ!"

ఆమె చెయ్యి విడిపించుకుని, సంచీ తీసుకుని బస్టాండుకు నడిచింది. గుర్రంకొండలో చెల్లెలింటికి ఇప్పుడామె బస్సులోనే పోతోంది. దాని సీట్లు చిరిగి పీచు బయటికొచ్చాయిగానీ, జారవు.

లక్ష్మీపతిని చూసి నవ్వుకుంటున్న పాఠకులకు ఒక్క మనవి. తీరిగ్గా నవ్వుదురుగాని. ముందు లేచి వెళ్లి, మీ టీవీ రిమోటుకు చుట్టిన ప్లాస్టిక్ కవరు తీసి రండి.