మంచుబొమ్మ, టార్పీ నిచ్చెన

పొద్దున ఆరింటికి కర్టెన్ లాగిన ఊనా, చెయ్యి దాని మీదే ఉంచి అలా నిలబడిపోయింది. రాత్రి పడుకునేటప్పుడు ఉన్న క్లూన్‌మోర్ ఊరు ఇప్పుడు లేదు. రాతిగోడలు లేవు, గేటు లేదు, గొర్రెల తొట్టి లేదు, అంతా తెలుపే, ఎంత తెలుపంటే దాని మీద ఒక్క కాకి అడుగైనా పడలేదు. పైగా ఆ నిశ్శబ్దం ఒకటి, ఊరంతా ఊపిరి బిగబట్టినట్టు.

"అమ్మా, ఇది నిజమేనా?" అని పక్కకొచ్చిన ఏడేళ్ల సైవ్ గుసగుసగా అడిగింది, గట్టిగా అంటే కరిగిపోతుందేమో అన్నంత మెల్లగా.

సైవ్ పుట్టాక ఇంత మంచు పడ్డం ఇదే మొదటిసారి, కానీ ఐర్లండ్ మంచు ఎంతసేపని, పొద్దున పడితే మధ్యాహ్నానికి బురద. అందుకే ఊనా అక్కడికక్కడే మాటిచ్చేసింది, పన్నెండయ్యేలోపు మంచుబొమ్మ చేసేద్దాం, నువ్వూ నేనూ తాతా, మన ముగ్గురమే. నాన్న ఎలాగూ రైళ్లు ఆగిపోయి డబ్లిన్‌లో ఇరుక్కుపోయాడు. ఇక ఊళ్లో ఉన్న ఇరవైముగ్గురు పిల్లల బడికి హెడ్మిస్ట్రెస్ ఊనాయే కాబట్టి, సెలవివ్వడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, లోకల్ రేడియోలో చెప్పిస్తే చాలు.

రేడియోకి ఫోన్ చేస్తే ఎవరో నిద్రమత్తులో ఎత్తి, ఎవరింటి నుంచమ్మా అన్నాడు. ఆ చుట్టుపక్కల ఇళ్లకి నంబర్లుండవు, మనుషులే ఉంటారు, కాబట్టి మామగారి పేరు చెప్పింది, మాలకీ డెవనీ గారిల్లు, క్లూన్‌మోర్. ఇవాళ మూసేస్తున్నాం, రేపు తొమ్మిదిన్నరకి మామూలే, అని కూడా చెప్పింది, బడి అన్న మాట తప్ప. పాపం అతను పొల్లుపోకుండా రాసుకున్నాడు. కాకపోతే అతని ముందు రెండు కాగితాలున్నాయి, ఒకటి మూసేసిన బళ్లది, ఇంకోటి రోజూ రేడియోలో చదివే చనిపోయినవాళ్లది.

ఎనిమిదింటికి ముగ్గురూ ఓట్స్ జావ తింటుంటే బళ్ల లిస్టు వచ్చింది, అందులో వాళ్ల బడి లేదు. తర్వాత చావు కబుర్లు మొదలయ్యాయి, జిల్లా అంతా చెంచాలు కిందపెట్టి వినే టైమది.

"మాలకీ డెవనీ, క్లూన్‌మోర్. ఇవాళ ఇల్లు మూసి ఉంటుంది. రేపు తొమ్మిదిన్నరకి మామూలే."

ఎనభై ఒక్కేళ్ల మాలకీ కూడా చెంచా కిందపెట్టాడు.

"నన్నొక మాట అడగొచ్చు కదా," అన్నాడు. తర్వాత కాస్త ఆలోచించి, "పోనీలే, రేపటికి మామూలేనట," అని మళ్లీ జావ అందుకున్నాడు.

ఊనా రేడియోకి ఫోన్ చేస్తూనే ఉంది, లైన్ దొరకదే. ఈలోగా లిస్టులో బడి లేదని ఇరవైముగ్గురూ బడికెళ్లారు, తాళం చూశారు, వాళ్ల అమ్మానాన్నలకి విషయం అర్థమైపోయింది, టీచరమ్మ మామగారు పోయారు కదా మరి. చావు కబురులో ఇల్లు మూసి ఉంటుందంటే అయినవాళ్లు తప్ప రావద్దని, ఆ మాట ఎలాగూ బయటివాళ్లకి. అందరూ ఇటే తిరిగారు.

అందరికన్నా ముందు మార్టిన్ టార్పీ, భుజం మీద నిచ్చెనతో. పదకొండేళ్ల కింద మాలకీ దగ్గర అడిగి పట్టుకెళ్లిన నిచ్చెన అది, పోయినవాడికి బాకీ ఉండకూడదని మోసుకొచ్చాడు. వెనకాలే హామ్ శాండ్‌విచ్‌లు, ఆపిల్ టార్టులు, కుర్చీలు, పూలదండ. ఇంకో పదిహేనుమంది పారలతో వచ్చారు, శవపేటిక బండికి దారి చెయ్యాలని.

కిటికీ దగ్గర సైవ్ ఒక్కో బూటు దిగబడ్డం చూస్తోంది. "తాతా, మన మంచునంతా తొక్కేస్తున్నారు."

ఊనా చేతులూపుతూ, కళ్లనిండా నీళ్లతో బయటికి పరిగెత్తింది. అందరూ వచ్చి వాటేసుకున్నారు.

"ఏడ్చెయ్ తల్లీ, ఆపుకోకు," అన్నాడు టార్పీ.

"ఆయన లోపల జావ తింటున్నారండీ."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, షాక్. కుర్చీ వేసి కూర్చోబెట్టి చేతిలో శాండ్‌విచ్ పెట్టారు.

అప్పుడు తలుపు తీసుకుని మాలకీ వచ్చాడు, గడ్డం గీసుకుని, సూటూ టై వేసుకుని. ఇంతమంది వస్తే పాత స్వెటర్‌లో ఏం బావుంటుంది మరి. టార్పీ చేతిలోంచి నిచ్చెన జారిపోయింది. ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది.

"శాండ్‌విచ్‌లో ఆవముద్ద రాశారా?" అన్నాడు మాలకీ.

నవ్వులు సద్దుమణిగేసరికి పదకొండైంది. వాకిలంతా బురద. సైవ్ కింది పెదవి బయటికొచ్చింది. ఊనాకి దాని మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. మాలకీయే చేతికర్రతో గేటు వైపు చూపించాడు.

అర మైలు దారి మీది మంచునంతా ఆ పదిహేనుమందీ ఎత్తి ఒకేచోట పోశారు. అది గొడ్లపాక కప్పుదాకా లేచి, ఎండకి లోపల దీపం పెట్టినట్టు నీలంగా మెరుస్తోంది. అందరూ తలలెత్తి చూశారు. వాళ్లలో ఎనభై దాటినవాళ్లు కూడా ఉన్నారు, ఒక్కరూ అంత మంచు ఒక్కచోట చూసి ఎరగరు.

"ఇదంతా మనదేనా?" అంది సైవ్.

ముగ్గురనుకున్నది డెబ్భైమంది అయ్యారు. నల్లకోట్ల పెద్దవాళ్లు మంచుబొమ్మకి పొట్ట చెక్కారు, పిల్లలు తల దొర్లించారు, పూలదండ మెడలో పడింది. ముక్కు పెట్టడానికి ఎవరికీ అందలేదు, నిచ్చెన పనికొచ్చింది. ఊనా కింద పట్టుకుంటే సైవ్ క్యారెట్‌తో చివరి మెట్టుదాకా ఎక్కి, ముక్కు పెట్టి, వెనక్కి తిరిగి ఆగిపోయింది. కొండలు, పొలాలు, చర్చి, దూరంగా సముద్రం అంచుదాకా తెలుపు.

"అమ్మా, నువ్వూ ఎక్కి చూడవా," అంది, గుసగుసగానే.

ఆ బొమ్మ తొమ్మిది రోజులు కరగలేదు.

మర్నాడు సరిగ్గా తొమ్మిదిన్నరకి టార్పీ తలుపు తట్టాడు. మాలకీని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "అయితే పోలేదన్నమాట," అని నిచ్చెన భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.