తాండూరుకు తప్పిపోయిన వైరస్ డబ్బా

"తాండూరుల నేరం జెయ్యాలంటే ఎవడైనా సరే, ముందుగాల ఈ బాల్‌రాజ్ మెదడును దాటిపోవాలె!"

ఈ ప్రకటన రోజూ ఉండేదే. బీరన్న నాపరాళ్ల దుకాణంలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ల చెప్పులు చూసి వాళ్ల రహస్యాలు చెప్పడం బాల్‌రాజ్ వ్యాపకం. ఒక్కటీ నిజం కాలేదు. గిరాకీ లేని పూట కాలక్షేపానికి పనికొస్తాడని బీరన్న భరిస్తున్నాడు.

ఆ రోజు బీరన్న మేనకోడలు నిరోషా వికారాబాద్ నుంచి కారులో ఉరుకులు పరుగుల మీద వచ్చింది. అక్కడొక ల్యాబ్‌లో ఆమె పరిశోధన చేస్తోంది.

"మామా, హైదరాబాద్ నుంచి నా పార్సిల్ బస్సుల వచ్చింది. వికారాబాద్‌ల దించకుండ ఈడిదాకా తెచ్చిండ్రు. బస్టాండ్ పార్సిల్ కౌంటర్ల చూస్తే లేదు! డ్రై ఐస్ అయిపోతే ఆర్నెల్ల పని మట్టిగొట్టుకపోతది."

"అండ్ల ఏమున్నది బిడ్డా?"

"లెంటివైరస్."

బాల్‌రాజ్ ఎగిరి లేచాడు. "జీవాయుధం! అంతర్జాతీయ ముఠా మన పక్కనున్న కరణ్‌కోట దాకా వచ్చేసింది!"

"రోగం తెచ్చేది కాదన్నా. దాని సొంత సరుకు తీసేసి మనిషి జన్యువు ఎక్కించిన్రు. దాన్ని కణంలకు మోసుకపోతది. జన్యువుకు ఒక ట్యాగ్ తగిలిస్తరు. దాంతోని తయారైన ప్రోటీన్ ఏడున్నా గుర్తుపడ్తం."

బీరన్నకు ఇట్టే అర్థమైంది. లారీ ఎక్కించే బండల మీద తాను ఎర్రరంగు గీత గీయించేదీ అందుకే. తర్వాత అసలు లెక్క అడిగాడు. "ఐస్ ఎప్పటిదాకా ఆగుతది?"

"మధ్యాహ్నం దాకా."

అప్పటికే పదకొండు దాటింది.

ముగ్గురూ మళ్లీ బస్టాండ్ కౌంటర్‌కు వెళ్లారు. అక్కడ చీటీ లేని థర్మాకోల్ డబ్బా ఒక్కటే మిగిలింది. నిరోషా రిజిస్టరు తిరగేస్తుంటే బాల్‌రాజ్ ఆ డబ్బాను వాసన చూసి వెనక్కి తూలాడు.

"మిత్రమా, శవం! ముక్కలు ముక్కలుగా!"

రాళ్ల కోత దుమ్ముకు బీరన్న ముక్కు ఏనాడో మూసుకుపోయింది. కాదనడానికి ఆధారం లేదు. "ఏందో కంపు, తీస్కపోన్రి సారూ" అని గుమాస్తా సంతకం కూడా అడగకుండా డబ్బా అప్పగించాడు.

"సాక్ష్యం కుళ్లకముందే ఐస్‌ల వెట్టాలె!" అంటూ బాల్‌రాజ్ స్కూటర్ తీశాడు. వెనక బీరన్న డబ్బా పట్టుకుని కూర్చున్నాడు. ఐస్ కోసం చేపలమ్మే ఈశ్వరమ్మ దగ్గర ఆగారు.

"అక్కా, జర ఐస్ ఇయ్యి. హత్య కేసు."

ఈశ్వరమ్మ డబ్బాకున్న నీలం తాడు చూసింది. "నీ మొకం మండ! గిది నా బొచ్చె చేపల డబ్బా! నీకాడికెట్లొచ్చె?"

"నేరస్తురాలు ఒప్పుకున్నది! బీరన్నా, పట్టుకో!"

"ఎవలను పట్టుకుంటవురా? దినాం అయిదు డబ్బాలొస్తయి. అయిదు లెక్కవెట్టి ఆటోల ఏసుకస్త. ఇయ్యాల గూడ అయిదే తెచ్చిన!"

ఆమె లెక్క సరిగ్గానే ఉంది. చీటీలు చదివే అలవాటే లేదు. వెనక నాలుగు డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఇంకా మూత తీయని అయిదోదాని అంచు నుంచి తెల్లటి పొగ సన్నగా పాకుతోంది.

"బాంబు!" అని అరిచి బాల్‌రాజ్ చేపల తొట్టి చాటున కూలబడ్డాడు. బీరన్న మూత మీది చీటీలో మేనకోడలి పేరు చూసి ఫోన్ తీశాడు. "బిడ్డా, ఉరికి రా!"

నిరోషా వచ్చి చేతి తొడుగులు వేసుకుని మూత తీసింది. అరచేయంత డ్రై ఐస్ ముక్క మిగిలింది. చిన్న సీసాల్లో సరుకు రాయిలా గడ్డకట్టే ఉంది.

"బతికినయి మామా!" అని నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, కారులో తెచ్చిన కొత్త ఐస్‌లోకి వాటిని మార్చింది.

బాల్‌రాజ్ తొట్టి వెనక నుంచి లేచి చొక్కా దులుపుకున్నాడు. "హంతకుడు లేకుండ, శవం లేకుండ కేసు ఛేదించుడంటే ఉత్తగనేనా?"

"ఉత్తగ కాదు తియ్యి," అంటూ ఈశ్వరమ్మ అతని చేతిలో కత్తి పెట్టింది. "ఆ శవానికి పొలుసులు తియ్యి. గిరాకీ నిలవడ్డది."